అశ్వర్థప్ప పోస్టరులో ఖాళీ జాగా

డిజైన్ పని నేర్చుకోవాలని నా దగ్గరికి వచ్చే పిల్లలు ముందుగా అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని. హిందూపురంలో ఒకే ప్రింటింగ్ ప్రెస్సులో ముప్పై ఏళ్ళకు దగ్గరగా పనిచేశాను. ఆ కాలంలో సాఫ్ట్‌వేర్లు ఎన్నోసార్లు మారాయి. పెండ్లిపత్రిక చేయించడానికి వచ్చే మేనమామ మాత్రం మారలేదు. అందుకని ముందు మేనమామను అర్థం చేసుకోండని చెబుతాను. పిల్లలు నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పలేదు.

ఇప్పుడు పని మానేశాను. కళ్ళు తెర వెలుగుకు ఓర్చుకోవడం లేదు. మా చర్చి సంఘంలోని యువకులు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను ఆపి, డిజైనుకు మూలసూత్రాలు ఏమిటో రాసిమ్మన్నారు. సూత్రాలు నాలుగైదే ఉన్నాయి, టీ చల్లారేలోపు చదివేయవచ్చు. అవి ఎందుకున్నాయో నాకు తెలియడానికి మాత్రం ఒక ముసలాయన తప్పిపోవాల్సి వచ్చింది. ఆ సంగతే రాస్తున్నాను. ఎవరికి ఏ పదవి వచ్చిందో రాయను. మా ప్రెస్సులో ఉన్నవి రెండే పదవులు: ఓనరు, మిగతావాళ్ళు.

ఓనరు సిద్ధాంతం

మా ఓనరు గంగాధరప్ప మంచి మనిషి. పెండ్లిళ్ళ కాలంలో కూడా ఆదివారం ఉదయం నన్ను పనికి పిలవలేదు. "నీ దేవునితో నాకేంటికమ్మా తగాదా" అనేవాడు. ఆయనకు ప్రపంచంలో ఒక్కటే భయం, ఖాళీ జాగా.

"ఏమ్మా, ఈ మూల బోడిగా ఉండాదే. ఒక పువ్వు పెట్టు."

పువ్వు పెట్టేదాన్ని.

"ఇంగో మూల ఏం పాపం చేసిందమ్మా?"

అక్కడ ఇంకో పువ్వు. అలా నాలుగు మూలలూ నిండాక మధ్యలో కలశం. కష్టమరు దుడ్లిచ్చేది కాగితానికి కాదు, దాని మీద పడే సిరాకు అని ఆయన సిద్ధాంతం. దాన్ని కాదన్న కష్టమరు నేను పనిచేసినంత కాలంలో ఒక్కరూ రాలేదు.

పువ్వుల తర్వాత తలలు వచ్చాయి. మా వైపు తలలు లేకుండా ఫ్లెక్సు లేవదు. చెవులు కుట్టినా, కొత్త ఇల్లు చేరినా, జాతర జరిగినా ఊరి పెద్దల తలలు పైన వరసగా ఉండాలి. ఎవరి తల ఎంత పెద్దదో కొలిచి చూసుకునేవాళ్ళుంటారు. ఈ విషయంలో విశ్వాసులకూ ఇతరులకూ తేడా లేదు. మా సువార్త సభల పోస్టరులో దైవసేవకుల తలలన్నీ వేసి, వెనకాల పరలోకపు కిరణాలు పరిచి, సభ జరిగే చోటు పేరు ఆ కిరణాల మీద తెల్ల అక్షరాల్లో వేయించారు. జనం ఫోన్ చేసి సభ ఎక్కడని అడిగారు. మనిషి వెలుగులో నడవాలి. వెలుగు మీద తెల్ల అక్షరాలు నడవవు.

వరలక్ష్మి వచ్చింది

పెనుకొండ దగ్గరి పల్లె నుంచి వరలక్ష్మి అనే అమ్మాయి ఒకరోజు మధ్యాహ్నం ప్రెస్సుకు వచ్చింది. వెంట వాళ్ళ చిన్నాయన నంజుండప్ప ఉన్నాడు. తెల్ల చొక్కా, దువ్విన మీసం, ఊర్లో నలుగురికీ పెద్దమనిషి. వరలక్ష్మి తండ్రి అశ్వర్థప్ప కనబడడం లేదు. ఆయనకు కొంతకాలంగా మతిమరుపు. ఒకప్పుడు పట్టుపురుగులు పెంచి పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్టుకు తెచ్చేవాడు. పెంపకం మానేసి చాలా ఏళ్ళయింది. తప్పిపోయిన రోజు ఎవరికీ చెప్పకుండా ఖాళీ సంచి భుజాన వేసుకొని, గూళ్ళు అమ్మడానికని బస్సెక్కాడు. మార్కెట్టు ముందు ఆయన్ను చూసినవాళ్ళున్నారు. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. పోలీసులకు చెప్పారు, బంధువుల ఊర్లన్నీ తిరిగారు. ఆయన వేళకు మాత్ర వేసుకోవాల్సిన మనిషి, మాత్రలేమో ఇంట్లోనే ఉన్నాయి.

"మా నాయన అడిగి తినే మనిషి కాదక్కా" అంది వరలక్ష్మి. "ఎవురన్నా పెడితేనే తింటాడు."

పోస్టరు నేనే తయారుచేశాను. నంజుండప్ప పక్కన కుర్చీ వేసుకొని చేయించాడు. పైన ఆంజనేయస్వామి బొమ్మ. కింద ఊరి పెద్దల తలలు ఐదు, మధ్యలో అందరికంటే పెద్దది నంజుండప్పది.

"అన్నా, తప్పిపోయింది వాళ్ళు కాదు గదా" అన్నాను.

"పెద్దమనుషుల ముఖాలుంటే పోస్టరు ఎవురూ చింపరమ్మా. మర్యాద ఉంటాది."

"అది నిజమే" అన్నాడు గంగాధరప్ప తన బల్ల దగ్గర నుంచి. "చింపితే తగాదా అయితాదని భయం ఉంటాది."

తలల కింద ఎర్రటి పట్టీలో బంగారు రంగు అక్షరాలతో 'విజ్ఞప్తి'. దాని కింద అశ్వర్థప్ప ఎక్కడ పుట్టాడు, ఎంత మంచివాడు, మతిమరుపు ఎలా వచ్చింది అన్న వివరం. కిందివైపు ఎడమ మూల, కోడిగుడ్డంత జాగాలో అశ్వర్థప్ప. అది వరలక్ష్మి పెండ్లినాటి ఫోటో. తలపాగా, పూలదండ. ఫోటో స్టూడియోవాళ్ళు వాడుక ప్రకారం ముఖాన్ని తెల్లగా చేసి ఇచ్చారు. కుడివైపు 'ఇట్లు' అని ఇంటిల్లిపాది పేర్లు. ఇంకా కొంచెం జాగా మిగిలితే అందులో ఫోన్ నంబరు. చుట్టూ బంతిపూల అంచు. గంగాధరప్పకు తృప్తి కలిగింది.

పోస్టర్లు ఆరేలోపు అంగడి ముందు ఆటోలో కూర్చున్న మహబూబ్ అడిగాడు.

"యాడక్కా పెండ్లి?"

దొరికిన మనిషి

పోస్టర్లు హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో అంటించారు. మరుసటి రోజే వరలక్ష్మి ఇంటికి ఫోన్ వచ్చింది.

"మీరు ఎతికే మనిషి ఈడనే ఉండాడప్పా, పెనుకొండలో. టీ అంగడి కాడ కూర్చోనుండాడు."

వరలక్ష్మి చేతిలో పని వదిలేసి మాత్రలు తీసుకొని బస్సెక్కింది. టీ అంగడి దగ్గర కూర్చొని ఉన్నది నంజుండప్ప. పోస్టర్లు ఎలా అంటించారో చూసుకోవడానికి వచ్చాడు.

ఆయన కోప్పడ్డాడు. ఎవడో పోకిరి చేసిన పని అన్నాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి హిందూపురం నుంచి. వరలక్ష్మి నన్ను కూడా రమ్మంది. అన్నను వెతుక్కుంటూ నంజుండప్ప ఆ ఊర్లోనే తిరుగుతున్న సంగతి మా ఇద్దరికీ తెలియదు. మేము పోయేసరికి బస్టాండులో ఒక బక్కపలచని మనిషి నంజుండప్ప చెయ్యి గట్టిగా పట్టుకొని బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఇంకో చేతిలో బన్ను ఉంది. చుట్టూ జనం.

"నేను తప్పిపోలేదప్పా! ఇడువు నన్ను!"

"అట్లనే లేప్పా. కోపం చేసుకోవాకు. మీవాళ్ళు వస్తాండారు. ఈ బన్ను తిను."

"ఒరే, నేను తప్పిపోయినాయప్ప తమ్ముణ్ణిరా! పోస్టరు వేసిందే నేను!"

చెయ్యి పట్టుకున్నాయన జనం వైపు తిరిగి, "పాపం, మతి లేదని పోస్టరులో రాసినారు గదా, కరెక్టే" అన్నాడు. అందరూ జాలిగా తలాడించారు. నంజుండప్ప ఎంత అరిస్తే వాళ్ళకు అంత నమ్మకం కుదిరింది.

అందులో ఎవరి తప్పూ లేదు. ఆ బక్కపలచని మనిషి చేసింది నూటికి నూరుపాళ్ళు మంచి పని. తప్పిపోయిన వాణ్ణి చూశాడు, ఆగాడు, తిండి పెట్టాడు. మా మందిరంలో ఎన్నో ఆదివారాలు ప్రసంగించినా ఇలాంటివాళ్ళు కొందరే తయారవుతారు. అన్నీ ఉన్న పోస్టరును ఒక దయగల మనిషి చదివి, అది చెప్పినట్టే చేశాడు. పెద్దగా ఉన్న ముఖమే ముఖ్యమైన ముఖం అనుకున్నాడు. కాగితం ముందు నిలబడిన ప్రతి మనిషీ అలాగే అనుకుంటాడు. అది మొదటి సూత్రం. పుస్తకంలో దాన్ని వేరే మాటల్లో రాస్తారు.

వరలక్ష్మి మాత్రల పొట్లం చేతిలో పట్టుకొని ఆ బెంచీ మీదే కూర్చుంది. నవ్విందా ఏడ్చిందా నాకు తెలియలేదు. సంగతి తెలిశాక జనం నవ్వారు, ఆమె చేతిలోని మాత్రలు ఎవరివో వాళ్ళకు తెలియదు గదా.

నంజుండప్ప నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మా, నా ఫోటో తీసేయి."

ఉన్నిగుడ్డ బోర్డు

మా అమ్మ సండే స్కూల్ టీచరు. ఆమె దగ్గర ఉన్నిగుడ్డ పరిచిన ఒక బోర్డు ఉండేది. కాగితపు బొమ్మల వెనక గరుకుగుడ్డ అంటించి, కథ చెబుతూ ఒక్కొక్క బొమ్మనూ ఆ బోర్డు మీద పెట్టేది. బొమ్మ అక్కడే అంటుకొని నిలిచేది. మాకు అదే సినిమా.

తప్పిపోయిన గొర్రె కథ చెప్పేటప్పుడు ముందు గొర్రెలన్నిటినీ పెట్టేది. బోర్డంతా గొర్రెలు. మేము గోల చేసేవాళ్ళం, అది నాది, ఇది నీది అని. తర్వాత ఆమె ఒక్కొక్క గొర్రెనూ తీసేసేది. చివరికి అంత పెద్ద గుడ్డ మీద ఒక మూలగా ఒకే ఒక గొర్రె మిగిలేది. మా గోల దానంతటదే ఆగిపోయేది.

ఒకసారి నేను లేచి అడిగాను.

"మిగిలినవి యాడికి పోయినాయి?"

"అవి బాగానే ఉండాయి లేవే. తప్పిపోయింది ఇది. దీన్ని చూడు."

ఆ బోర్డు నాకు చెప్పిన పాఠం అదొక్కటే అని చిన్నప్పుడు అనుకున్నాను. బస్టాండు సంగతి జరిగిన మరుసటి రోజు ప్రెస్సులో అశ్వర్థప్ప పోస్టరు మళ్ళీ తెరిచినప్పుడు, పని కూడా అక్కడే నేర్చుకున్నానని తెలిసింది. తలలన్నీ తీసేశాను. అంచు తీసేశాను. దేవుని బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. అది నా దేవుడు కాదు కాబట్టి తీశానని వరలక్ష్మి అనుకుంటుందేమో. ఆమెనే అడిగాను. నా దేవునికి ఎన్ని ప్రార్థనలు పోస్టర్ల మీద అచ్చుకాకుండానే చేరాయో చెప్పాను.

"తీసేయక్కా. స్వామికి గుళ్ళో మొక్కుకున్నా" అంది.

ఆమె మొక్కు ఆమె మొక్కుకుంది. నేను ఉపవాసముండి ప్రార్థన చేశాను. ఇద్దరికీ పోస్టరు ఒకటే.

మళ్ళీ మొదటినుంచి

వరలక్ష్మి పేర్ల దగ్గర ఒప్పుకోలేదు.

"ఇట్లు అని పేర్లు లేకుంటే ఎట్లక్కా? మా నాయనకు ఎవురూ లేరనుకుంటారు. దిక్కులేనోడనుకుంటారు."

ఈ మాటకు నా దగ్గర సూత్రం లేదు. డిజైన్ నేర్పేవాళ్ళు పేర్లు చిన్నవి చెయ్యమంటారు. ఆమె అడిగింది సైజు గురించి కాదు, తండ్రి మర్యాద గురించి. నాకు మా అమ్మ మాటే దొరికింది.

"పేర్లున్నోళ్ళంతా ఇంట్లోనే ఉండారు పాపా. బయట ఉండేది మీ నాయన ఒక్కడే."

ఆమె తెర మీద తన పేరును వేలితో చూపించింది. తర్వాత, "ఫోన్ నంబరు నాదే పెట్టు. దాని పక్కన 'కూతురు' అని రాయి. అంతే చాలు" అంది. ఆ ఒక్క మాట ఇంటిల్లిపాది పేర్ల పని చేసింది. అది నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది.

తర్వాత ఫోటో. తలపాగా ఫోటో పనికిరాదన్నాను. ఆమె కొడుకు ఫోనులో తీసినది ఇంకొకటి ఉంది. అశ్వర్థప్ప ఆవు పక్కన నిలబడి, ఎండకు కళ్ళు చికిలించి, మాసిన గడ్డంతో, తలకు టవలు చుట్టుకొని ఉన్నాడు. ముందుపన్ను ఒకటి లేదు.

"దీంట్లో బాగలేడక్కా."

"బాగుండే ఫోటో కాదు పాపా, దొరికే ఫోటో కావల్ల."

ముఖం తెల్లగా చెయ్యలేదు. ఎండలో నల్లబడిన మనిషిని ఎండలో నల్లబడినట్టే ఉంచాను. సృష్టిలో దేవుడు మొదటి రోజు చేసిన పని వెలుగును చీకటి నుంచి వేరు చేయడం. పువ్వులు ఆ తర్వాత. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు అందుకే పెట్టాను. 'ఈయన తప్పిపోయారు' అన్నది పైన, దూరం నుంచి కనబడేంత. కింద ముఖం. ముఖానికి ఆనుకొని ఒకే పంక్తి: 'పేరు అశ్వర్థప్ప. పిలిస్తే పలుకుతారు.' దాని కిందనే నంబరు, ముఖం ఎడమ అంచు ఎక్కడుందో సరిగ్గా అక్కడి నుంచే మొదలయ్యేలా. చూపు ఒకసారి దిగడం మొదలుపెడితే మధ్యలో ఎక్కడా పక్కకు పోకూడదు. మిగిలిన కాగితం ఖాళీ.

గంగాధరప్ప వచ్చి చూశాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ చూశాడు.

"ఏమ్మా, సగం కాగితం ఊరికే ఉండాదే. మన మిషన్లో సిరా అయిపోయిందనుకుంటారు."

"అనుకోనీలేన్నా."

"మన అంగడి పేరన్నా కింద వేయి. అది వాడిక గదా."

ఒక కాపీ తీసి అంగడి ఎదుటి గోడకు అంటించాను. రోడ్డుకు ఇవతల నుంచి చూడమని మహబూబును పిలిచాను.

"అదేమిటో చెప్పప్పా."

"ఎవురో ముసలాయన తప్పిపోయినాడక్కా. కూతురికి ఫోన్ చెయ్యమంటాండారు." మళ్ళీ చూసి, "ఆవు కాడ నిలబడినట్టుండాడే. అన్నం తిన్నాడో లేదో" అన్నాడు.

పోస్టరులో ఆవు లేదు. నేను దాన్ని కత్తిరించేశాను. టవలు చుట్టిన తీరు చూసి కనుక్కున్నాడు. గంగాధరప్ప అది విని, "అంగడి పేరు వద్దులే" అన్నాడు. ఆయన ఆ మాట అన్నది నా సర్వీసులో ఆ ఒక్కసారే.

మొదటి పోస్టర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడంతా, వాటి మీదనే కొత్తవి అంటించమని చెప్పాను. మూడు ఊర్లలోనూ అదే ముఖం, అదే చోటు, అదే అక్షరం. ఒకచోట చూసినవాడు ఇంకోచోట చూస్తే, 'ఇంకా దొరకలేదా పాపం' అనుకోవాలి. ఐదు తలలకూ ఈసారి కాగితం కప్పేశాం. నంజుండప్ప దగ్గరుండి కప్పించాడు.

ధర్మవరం

ఫోన్ ధర్మవరం నుంచి వచ్చింది, పట్టుచీరల అంగళ్ళ వైపు ఇడ్లీ బండి పెట్టుకున్న ఒకామె నుంచి. అశ్వర్థప్ప హిందూపురంలో గూళ్ళు అమ్మలేక, పట్టు ఎటు పోతుందో అటే పోయినట్టున్నాడు. నేను వరలక్ష్మితో కలిసి బస్సెక్కాను. దారిలో ఆమె ఇడ్లీ బండామెకు మళ్ళీ ఫోన్ చేసి, ఆయనకు ముందుపన్ను లేదు గదా అని అడిగింది. రెండుసార్లు ఇలాగే బయలుదేరిన మనిషి గదా.

ఈసారి ఆయనే. బండి పక్కన స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. సంచి ఒళ్ళో ఉంది. మనిషి సగానికి సగం తగ్గిపోయాడు. వరలక్ష్మి ఆయన కాళ్ళ దగ్గర కూర్చొని, ముందు మాత్ర వేయించింది, తర్వాత ఏడ్చింది.

ఇడ్లీ బండామె జరిగింది చెప్పింది. ఆయన అంతకుముందు ఒకటి రెండు పూటలు ఆ వీధిలో కనబడ్డాడు. పలకరించలేదు, చెయ్యి చాపలేదు. ఆమె కూడా ఎవరో చీరల బేరానికి వచ్చిన రైతు అనుకుంది. ఆ ఉదయం ఆయన కరెంటు స్తంభం దగ్గర పోస్టరు ముందు నిలబడి కదల్లేదు. వేళ్ళతో అక్షరాలు తడుముతూ చదివాడు. తర్వాత నేరుగా బండి దగ్గరికి వచ్చాడు.

"'అమ్మా, ఎవురో పాపం తప్పిపోయినాడంట' అన్నాడక్కా. 'అశ్వర్థప్పంట, నా పేరే. కూతురు ఎతుకుతాందంట. యాడ ఏడుస్తాందో ఏమో. నా తాన ఫోన్ లేదు, నువ్వన్నా చెయ్యమ్మా' అన్నాడు. నేను ఆ కాగితం చూసినా. ఈయప్పను చూసినా. ఇంగ స్టూలు మీద కూర్చోబెట్టి, ఇడ్లీ పెట్టి, ఫోన్ చేసినా."

అంత ఆకలిలో తనకోసం ఇడ్లీ అడగని మనిషి, కాగితం మీది మనిషికోసం నోరు తెరిచి అడిగాడు.

డిజైన్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పి ఊరుకుంటాను. చెయ్యి నాది. ఆ కాగితాన్ని అన్ని గోడలుండగా ఆ స్తంభానికి చేర్చినవాడు వేరే ఉన్నాడని నా విశ్వాసం. ఆ మాట చెప్పడానికి నేను సిగ్గుపడను.

చివరి ఫ్లెక్సు

కొన్నాళ్ళకు నంజుండప్ప ప్రెస్సుకు వచ్చాడు. అన్న ఇంటికి వచ్చినందుకు ఊర్లో అన్నదానం చేస్తున్నారు, ఫ్లెక్సు కావాలి. గడ్డం గీయించుకొని, కొత్త చొక్కా వేసుకొని, తన ఫోటో కొత్తది తీయించుకొని తెచ్చాడు. మిగతా నలుగురు పెద్దల ఫోటోలు కూడా తెచ్చాడు. వరలక్ష్మి వెనక నిలబడి నవ్వుతోంది.

"ఖాళీ వదలల్లనా అమ్మా?" అని నంజుండప్ప అనుమానంగా అడిగాడు.

మా అమ్మ కథ అయిపోయేటప్పుడు తీసేసిన గొర్రెలన్నిటినీ మళ్ళీ బోర్డు మీద పెట్టేది. దొరికినదాన్ని మధ్యలో పెట్టి, చుట్టూ జాగా లేకుండా నింపేది. మేము మళ్ళీ గోల మొదలుపెట్టేవాళ్ళం. అప్పుడామె ఊరుకోమని అనేది కాదు.

"వద్దన్నా, ఎంతమందినైనా పెట్టుకుందాం" అన్నాను.

ఐదు తలలు వేశాను. ఆంజనేయస్వామిని వేశాను. ఇంటిల్లిపాది పేర్లు వేశాను. బంతిపూల అంచు వేశాను. మూలల్లో గంగాధరప్ప చెప్పకముందే పువ్వులు పెట్టాను, ఆయన లేచి వచ్చి నా భుజం తట్టాడు. మధ్యలో, అందరికంటే పెద్దగా, తలపాగాతో పూలదండతో అశ్వర్థప్ప. ముఖాలన్నీ తెల్లగా చేశాను. ఆ ఫ్లెక్సు చూసి ఎవరూ ఎవరినీ గుర్తుపట్టలేరు. గుర్తుపట్టాల్సిన అవసరమూ లేదు, అందరూ ఇంట్లోనే ఉన్నారు.